తలనూనె

మా ల్యాబులో అన్నిటికన్నా కష్టమైన పని
ఏమీ లేకపోవడాన్ని కొలవడం.

మంచి నీళ్లు పట్టిన సీసాను బ్లాంకు అంటాం.
దానికి సున్నా రావాలి.
ఎప్పుడూ రాదు.
గాలిలోంచి, మూతలోంచి, పట్టుకున్న వేళ్లలోంచి
ఏదో ఒకటి దిగి కూర్చుంటుంది.

చేరిన మొదటి నెల
అంకె ఒక్కసారిగా పైకి లేచింది.
ప్లాంటంతా ఉరుకులు.
మూడు వాల్వులు మూసి
రెండు గంటలు రియాక్టర్లు చల్లారబెట్టాక తేలింది:
జడ సర్దుకున్న చేత్తో సీసా పట్టాను నేను.
కొబ్బరినూనె.

ఆ రోజు నుంచి నేను గనగళ్ల నూకరత్నాన్ని కాను.
నూనె మేడాన్ని.

అప్పట్నుంచి డ్యూటీ ఉన్న రోజు తల పొడి.
"ఏటే ఆ జుట్టు, కొబ్బరి పీసు నాగుంది"
అంటుంది అమ్మ, దువ్వెన పట్టుకుని గుమ్మం దాకా వచ్చి.

యంత్రానికి పేర్లు తెలీవు.
మెథనాలైనా, టొలూయినైనా,
నాన్న వల నుంచి నా చున్నీకంటిన చేప పొలుసైనా
ఏడువందల డిగ్రీల దగ్గర కాల్చేసి
వచ్చిన గాలిని లెక్కపెడుతుంది.
దానికి అన్నీ బొగ్గే.
ఎవరి బొగ్గు అని అడగాల్సింది మనమే.

నిన్న రాత్రి, మూడో షిఫ్టు, రెండుంపావు.
రియాక్టర్లకి వేడినిచ్చి, చల్లబడి,
తిరిగి బాయిలర్‌కి పోయే నీళ్లు.
రోజూ రెండు దాటని అంకె
నాలుగు.

ముందు నన్నే అనుమానించాను.
చేతులు కడిగాను. కొత్త గ్లౌజులు.
సీసాని అవే నీళ్లతో మూడుసార్లు జాడించి
నాలుగో నీళ్లు పట్టాను.
ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలాను.
ఆరున్నర.

ఫోన్లో జోగారావు గారు నవ్వారు.
"ఏటమ్మా, మళ్లీ తలకి రాసీసేవేటి?"
లేదు సార్.
"మెషీను కడిగీసి ఇంకోసారి పెట్టు.
అందాకా రిజిస్టర్లో పెన్సిలుతో రాయి.
పొద్దున్న లోడు ఎల్లాల, తెలుసు గదా."
బ్లాంకు పెట్టాను సార్, బాగానే ఉంది.
అవతల ఆవులింత.

ఎనిమిది.

లైటుకి ఎదురుగా పట్టి చూస్తే ఉత్త నీళ్లు.
వాసన లేదు. రంగు లేదు.
ఎక్కడో ఒక గొట్టానికి
సూదిమొనంత చిల్లు పడి ఉంటుంది.
ఇవి బాయిలర్‌కి చేరితే నురుగు,
నురుగెక్కిన బాయిలర్ ఎవరి మాటా వినదు.

మా పడవకీ ఇలాగే పడేది.
నాన్న రోజూ అడుగు చెక్కల మీద బొటనవేలు రాసి
తడి తగిలితే నాలిక్కి అద్దుకునేవాడు,
రాత్రి కురిసిన వానో, లోపలికొస్తున్న సముద్రమో అని.
పక్క పడవలోళ్లు నవ్వేవాళ్లు.
వాన అని తేలిన రోజు నాన్న కూడా నవ్వేవాడు.

నాకా నాలిక లేదు.
అంకె ఉంది.

పెన్నుతోనే రాశాను.
టైము, అంకె, సంతకం. మూడు వరసలు.
రిజిస్టరు చంకన పెట్టుకుని
బాయిలర్ హౌసు మెట్లు దిగాను.

తవిటయ్య బీడీ లేని చేతిని
బీడీ ఉన్నట్టే పట్టుకుని కూర్చున్నాడు.
"నీళ్లు మళ్లించీ బాబూ" అన్నాను.
"సారు సెప్పేరా?"
రిజిస్టరు తెరిచాను.
అతను దానివైపు చూళ్లేదు.
నా జుట్టు చూశాడు.
పొడిగా, రేగిపోయి, సముద్రం గాలికి నిలబడి ఉంది.
లేచి చక్రం తిప్పాడు.
గొట్టంలో గుటక వేసిన చప్పుడు.

చిల్లు దొరుకుతుందో లేదో తెలీదు.
దొరక్కపోతే సోమవారం మెమో ఇస్తారు,
అందులో నూనె అనే మాట తప్పకుండా ఉంటుంది.

పైడిభీమవరం జంక్షన్లో బస్సు కోసం నిలబడి
అమ్మకి ఫోన్ చేశాను.
రేపు నాకు సెలవు, నూనె వెచ్చబెట్టు.
"ఎంతే?" అంది.
లారీలు పోతున్నాయి. వినబడనట్టు ఊరుకున్నాను.
"ఎంతేటే?" అంది మళ్లీ.